37.5 చూపిస్తున్నా పిల్లలు రావట్లేదా? ఇంక్యుబేటర్ టెంపరేచర్ కంట్రోలర్ సెట్ చేసుకునే పద్ధతి

నాటుకోడి గుడ్లకి ఇంట్లోనే ఇంక్యుబేటర్ కట్టుకున్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "కంట్రోలర్ మీద 37.5 కనిపిస్తోంది. 21 రోజులు దాటిపోయాయి. పిల్లలు రాలేదు. అసలు ఎంత పెట్టాలి?" నరసన్నపేట నుంచి అడిగినా, చీపురుపల్లి నుంచి అడిగినా, బొబ్బిలి నుంచి అడిగినా ఇదే మాట. ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పేకన్నా ఒకసారి మొత్తం రాసి పెడదామనిపించింది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఆ అంకె గుడ్ల వేడి కాదు, సెన్సార్ మొన ఉన్న చోట వేడి. సెన్సార్ నిజం చెప్తోందా, గుడ్లు ఉన్న ఎత్తులోనే ఉందా అన్నది తేల్చుకోకుండా 37.5ని ఓసారి 37.8 చేసి, ఓసారి 37.3 చేసి లాభం లేదు.

ఇది నాకు మొదటి విడతలోనే తెలిసొచ్చింది. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. చేపల థర్మాకోల్ పెట్టెలో 30 గుడ్లు పెట్టాను. సెన్సార్ వైరు పొట్టిగా ఉందని పక్క గోడకి, నీళ్ళ గిన్నె పైన టేపు వేసి అంటించేశాను. పన్నెండో రోజున ఎదురింటి మామ్మ వచ్చి, మధ్యలోంచి ఒక గుడ్డు తీసి, కళ్ళు మూసుకుని కనురెప్ప మీద ఆనించింది. వెంటనే తీసేసి, "ఏటి బావూ, పెట్ట కింద గుడ్డు ఇలగ కాలదు. ఉడకేస్తన్నావేటి?" అంది. నేను కంట్రోలర్ చూపించాను, 37.5 ఉంది కదా అని. ఆవిడ అంకె వైపు చూడనే లేదు. జ్వరం థర్మామీటరు గుడ్ల మధ్య పెట్టి చూస్తే 39 దాటింది. నీళ్ళ గిన్నె దగ్గర గాలి చల్లగా ఉంది, బల్బు కింద గుడ్లు మాడుతున్నాయి. ఆ విడతలో నాలుగే పిల్లలు వచ్చాయి.

ఏమేం కావాలి

టెంపరేచర్ కంట్రోలర్. మన వైపు ఎక్కువమంది వాడేది డబ్ల్యూ 1209 అనే చిన్న బోర్డు. ఇది 12 వోల్టుల మీద పనిచేస్తుంది, అడాప్టర్ వేరేగా కొనాలి. డబ్ల్యూ 3001, ఎస్‌టీసీ 1000 అయితే నేరుగా 230 వోల్టుల కరెంటు మీద నడిచే రకం అడిగి తీసుకోండి.

ఫిలమెంట్ బల్బులు, 25 లేదా 40 వాట్లవి రెండు. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ గుడ్లకి చాలినంత వేడి ఇవ్వదు. ఈ పొరపాటు చేసి "బల్బు వెలుగుతోంది, వేడెక్కట్లేదు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

12 వోల్టుల చిన్న ఫ్యాను, పాత కంప్యూటర్ లోంచి తీసినది చాలు. జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటరు ఒకటి. మూత ఉన్న చిన్న గాజు సీసా ఒకటి, హోమియో మందు సీసా అయినా సరే. వేడినీళ్ళ ఫ్లాస్కు. ఒక నోట్‌బుక్కు, పెన్ను. నోట్‌బుక్కు ఎందుకులే అనుకోకండి, చివర్లో తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేది అదొక్కటే.

గుడ్ల గురించి ఒక్క ముక్క: పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లే పనికొస్తాయి. కొట్లో దొరికే ఫారం గుడ్లలో పిల్ల ఉండదు. పెట్టాక ఏడు రోజుల లోపువి తీసుకోండి, ఎండాకాలంలో అయితే మూడు నాలుగు రోజులు దాటనివ్వకండి.

1. పెట్టెని ఎక్కడ ఉంచాలి

బల్బు వేడి చేయగలదు, చల్లబరచలేదు. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం గదిలోనే 38, 39 ఉంటే కంట్రోలర్ బల్బు ఆర్పేసి ఊరుకుంటుంది, లోపల వేడి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఏ సెట్టింగూ కాపాడదు. వేసవిలో పెట్టాలంటే మట్టిగోడల ఇల్లో, తాటాకు పాకో, స్లాబు ఇంట్లో కింది గదో చూసుకోండి. అవేవీ లేకపోతే ఆ రెండు నెలలూ మానేయడమే మంచిది. చలికాలంలో, ముఖ్యంగా సాలూరు, పార్వతీపురం వైపు, తెల్లవారుజామున బాగా చల్లబడుతుంది. కిటికీ పక్కన, తలుపుకి ఎదురుగా పెట్టకండి.

2. వైరింగు

డబ్ల్యూ 1209 మీద నాలుగు స్క్రూలు ఉంటాయి. రెండు 12 వోల్టులకి, కె0, కె1 అనే రెండు బల్బుకి. ఈ కె0, కె1 నుంచి కరెంటు రాదు. అవి ఉత్త స్విచ్ లాంటివి. బల్బుకి వెళ్ళే ఫేజు వైరుని మధ్యలో కోసి ఒక కొస కె0కి, ఇంకో కొస కె1కి బిగించాలి. బల్బు రెండు వైర్లూ తెచ్చి అక్కడే బిగించి "వెలగట్లేదు" అంటే వెలగదు.

రెండు బల్బులూ వేరు వేరు హోల్డర్లలో, పక్కపక్కన (ప్యారలల్‌గా) కలపండి. ఒకటి రాత్రి కాలిపోయినా రెండోది తెల్లారేవరకు నెట్టుకొస్తుంది. ఫ్యానుని మాత్రం కంట్రోలర్ గుండా ఇవ్వకండి. బల్బు ఆరినా ఫ్యాను తిరుగుతూనే ఉండాలి.

జాగ్రత్త: ఆ బోర్డు వెనుక 230 వోల్టులు నడిచే అతుకులు బయటికే ఉంటాయి. ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పెట్టె బయట ఉంచండి, లోపలి తేమలో వద్దు. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపితే చాలదు. బల్బుకీ థర్మాకోల్‌కీ మధ్య కనీసం నాలుగు వేళ్ళ ఎడం ఉంచి, మధ్యలో రేకు ముక్క అడ్డం పెట్టండి. వేడికి థర్మాకోల్ కరిగి అంటుకునే ప్రమాదం ఉంది.

3. సెన్సార్ నిజం చెప్తోందా?

ఇది దాటేసి ముందుకి పోయేవాళ్ళే ఎక్కువ. దయచేసి దాటేయకండి.

ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు పోయండి. వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలుపుతూ 38 దగ్గరికి తెచ్చుకోండి. జ్వరం థర్మామీటరు 42 దాటితే కొలవదు, కాబట్టి మరీ వేడి నీళ్ళు వద్దు. సెన్సార్ లోహపు మొననీ, థర్మామీటరు మొననీ రబ్బరు బ్యాండుతో జతచేసి, రెండూ ఒకే లోతులో ఉండేలా ముంచండి. నెమ్మదిగా కలుపుతూ రెండు నిమిషాలు ఆగండి. ఇప్పుడు రెండు అంకెలూ రాసుకోండి. డిజిటల్ థర్మామీటరు తాను చూసిన అతి ఎక్కువ వేడినే పట్టుకుని ఉంటుంది, నీళ్ళు చల్లారినా దిగదు. అందుకని ఆపి, మళ్ళీ ఆన్ చేసి, మొత్తం మూడుసార్లు చూడండి.

థర్మామీటరు 37.4 అంటోంది, కంట్రోలర్ 37.9 అంటోంది అనుకోండి. సెన్సార్ అర డిగ్రీ ఎక్కువ చెప్తోంది, అంటే సవరణ మైనస్ 0.5. దాన్ని ఐదో మెట్టులో పెడతాం. మూడుసార్లు చూస్తే మూడు రకాల తేడా వస్తోందా? అప్పుడు సవరణతో పని జరగదు, సెన్సార్ మార్చేయండి. పది కిలోఓమ్‌ల ఎన్‌టీసీ సెన్సార్ అని అడిగితే ఎలక్ట్రానిక్స్ కొట్లో ఇస్తారు, ఖరీదు కూడా కాదు.

థర్మామీటరులో ఫారెన్‌హీట్ మాత్రమే ఉంటే ఈ నాలుగు అంకెలు గోడ మీద రాసి పెట్టుకోండి: 98.6 అంటే 37.0. 99.5 అంటే 37.5. 100.4 అంటే 38.0. 102 అంటే 38.9.

ఐసు నీళ్ళలో ముంచి సున్నా వస్తే సెన్సార్ మంచిదే అని కొందరు చెప్తారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నది 38 దగ్గర కూడా సరిగ్గా ఉండాలని లేదు. మనకి కావలసిన చోటే చూసుకోవాలి.

4. సెన్సార్ ఎక్కడ వేలాడాలి

గుడ్ల పైభాగానికి సమానమైన ఎత్తులో, గుడ్ల మధ్యలో, దేన్నీ తాకకుండా గాలిలో ఉండాలి. గోడకి అంటించకూడదు. బల్బుకి ఎదురుగా, నీళ్ళ గిన్నె పైన, ఫ్యాను మూతి దగ్గర ఉండకూడదు. మూతలో చిన్న కన్నం పెట్టి పైనుంచి దింపి, వైరుకి ముడి వేస్తే ఎత్తు మారదు. గుడ్లు తిప్పేటప్పుడు చెయ్యి తగిలి సెన్సార్ పైకి లేచిపోవడం చాలా మామూలు. ప్రతిసారీ మూత వేసే ముందు దాన్ని ఓసారి చూడండి.

5. అంకెలు పెట్టడం

డబ్ల్యూ 1209లో సెట్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే పి0 అని వస్తుంది. ప్లస్, మైనస్ బటన్లతో ఒక్కో సెట్టింగుకి వెళ్ళి, సెట్ నొక్కి, మార్చుకోవాలి.

పి0: ఇక్కడ సీ ఉంటే చల్లబరిచే పని, హెచ్ ఉంటే వేడి చేసే పని. కొత్త బోర్డులో మామూలుగా సీ ఉంటుంది. హెచ్ చేయండి. సీ లోనే వదిలేస్తే వేడెక్కే కొద్దీ బల్బు వెలుగుతుంది, చల్లబడితే ఆరిపోతుంది, గుడ్లు ఉడికిపోతాయి.

పి1: బల్బు ఆరే చోటుకీ, మళ్ళీ వెలిగే చోటుకీ మధ్య తేడా. కొత్త బోర్డులో 2.0 ఉంటుంది. "37.5 పెట్టాను, పిల్లలు 23వ రోజున వచ్చాయి" అనేవాళ్ళలో చాలామందిది ఇదే కథ. 2.0 ఉంటే 37.5కి ఆరిన బల్బు 35.5కి దిగేదాకా వెలగదు. సగటున గుడ్లకి అందేది 36.5. దీన్ని 0.2 చేయండి. 0.1 చేస్తే ఇంకా మంచిది కదా అని అడుగుతారు. రిలే, అంటే బోర్డు మీద బల్బుని వెలిగించి ఆర్పే స్విచ్, మాటిమాటికీ టిక్కుటిక్కుమంటూ త్వరగా పాడవుతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు.

పి4: సవరణ. మూడో మెట్టులో మీ సెన్సార్‌కి తేలిన అంకె (పై ఉదాహరణలో మైనస్ 0.5) ఇక్కడ పెట్టండి.

పి5: ఆలస్యం. సున్నా ఉంచండి. మిగతా వాటి జోలికి పోవద్దు.

తర్వాత సెట్ బటన్ ఒక్కసారి నొక్కి వదిలితే అసలు అంకె మెరుస్తుంది. ఫ్యాను ఉన్న పెట్టె అయితే 37.6 పెట్టండి. 0.2 తేడాతో అది 37.4కీ 37.6కీ మధ్య ఆడుతుంది, సగటు 37.5. ఫ్యాను లేని పెట్టెలో గాలి కదలదు, పైన వేడిగా కింద చల్లగా ఉంటుంది. అందుకని గుడ్ల పైభాగం దగ్గర 38.3 నుంచి 38.9 మధ్య ఉండాలి. అయినా నా మాట విని ఫ్యాను పెట్టుకోండి.

తెర మీద ఎల్ఎల్ఎల్ వస్తే సెన్సార్ వైరు ఊడిందని అర్థం.

డబ్ల్యూ 3001 వాడేవాళ్ళకి: అందులో మొదలయ్యే అంకె, ఆగే అంకె అని రెండు ఉంటాయి. మొదలు 37.4, ఆగేది 37.6. మొదలయ్యేది తక్కువ ఉంటేనే అది వేడి చేసే పని చేస్తుంది. తిరగేసి పెడితే చల్లబరిచేదిగా మారిపోతుంది. ఎస్‌టీసీ 1000లో ఎఫ్1 అసలు అంకె, ఎఫ్2 తేడా, ఎఫ్4 సవరణ. ఎఫ్2ని 0.3 కన్నా తగ్గించనివ్వదు, అది చాలు. బల్బుని వేడి వైపు స్క్రూలకే బిగించారో లేదో చూసుకోండి.

6. గుడ్లు లేకుండా ఒక రోజు

గుడ్ల స్థానంలో ఆ గాజు సీసాని నీళ్ళతో నింపి, మూత బిగించి, మధ్యలో పడుకోబెట్టండి. నీళ్ళ గిన్నె పెట్టండి. 24 గంటలు నడపండి. తెల్లవారుజామునా, మధ్యాహ్నం ఎండ వేళా, రాత్రి పడుకునే ముందూ కంట్రోలర్ అంకె రాసుకోండి. చివర్లో సీసా మూత తీసి జ్వరం థర్మామీటరు ముంచండి. గుడ్డు లోపల ఎంత వేడి ఉంటుందో ఆ నీళ్ళు చెప్తాయి. 37.3కీ 37.7కీ మధ్య ఉంటే సరే. సీసాని నాలుగు మూలలా మార్చి చూస్తే పెట్టెలో ఏ మూల చల్లగా ఉందో కూడా తెలుస్తుంది. గుడ్లు తిప్పేటప్పుడు ఆ మూలవి మధ్యకి, మధ్యవి ఆ మూలకి మార్చుకోవచ్చు.

ఇంకొకటి కూర్చుని చూడాలి. రిలే టిక్కుమని బల్బు ఆరాక అంకె ఎంత వరకు ఎగబాకుతోంది? 37.6కి ఆరి 37.8 దాకా వెళ్ళి దిగితే పర్వాలేదు. 38.3, 38.5 దాకా పోతోందంటే బల్బు పెద్దది. చాలామంది ఇక్కడ సెట్టింగు తగ్గిస్తారు, అప్పుడు సగటు పాడవుతుంది. తగ్గించాల్సింది వాట్లు. 60 తీసి 40, 40 తీసి 25 పెట్టండి. బల్బు ఎప్పుడూ ఆరకుండా వెలుగుతూ 37 దగ్గరే ఆగిపోతే చిన్నది, లేదా పెట్టెకి సందులున్నాయి.

రిలే ఒక్కోసారి అంటుకుపోతుంది. అప్పుడు కంట్రోలర్ ఆర్పమన్నా బల్బు ఆరదు. ఎక్కువ గుడ్లు పెట్టేవాళ్ళు రెండో కంట్రోలర్ ఒకటి కొని, దానిక్కూడా విడి సెన్సార్ పెట్టి, అదే ఫేజు వైరు మీద వరసగా (సిరీస్‌లో) కలిపి, 38.5కి సెట్ చేసి వదిలేయండి. మొదటిది మొరాయించిన రోజున అది ఆర్పుతుంది.

7. గుడ్లు పెట్టాక

గుడ్లు పెట్టగానే అంకె 34కో 35కో పడిపోతుంది. కంగారు పడి సెట్టింగు పెంచకండి. అన్ని గుడ్లూ వేడెక్కి మళ్ళీ 37.5కి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ మధ్యలో పెంచినవాళ్ళు రాత్రి నిద్రపోతారు, తెల్లారేసరికి 39 ఉంటుంది. చల్లదనం గుడ్డుని ఆలస్యం చేస్తుంది, వేడి చంపేస్తుంది. ఈ తేడా ఎప్పుడూ గుర్తుండాలి.

1 నుంచి 18వ రోజు వరకు: 37.5. రోజుకి మూడు లేదా ఐదుసార్లు తిప్పాలి. తేమ 50 నుంచి 55 శాతం. వానాకాలంలో మన తీరం గాలిలోనే తేమ ఎక్కువ, కాబట్టి గిన్నె చిన్నది పెట్టండి.

18 నుంచి 21 వరకు: తిప్పడం ఆపేయండి. తేమ 65 నుంచి 70 శాతానికి పెంచండి. ఈ రోజుల్లో పిల్లలు గుడ్డులోనే సొంతంగా వేడి పుట్టిస్తాయి. గుడ్లు నిండుగా ఉన్న పెట్టెలో 37.2 చేస్తే సరిపోతుంది. మూత తెరవకండి. ఒక పిల్ల బయటికొచ్చిందని మూత తీస్తే, పెంకు పొడుస్తున్న మిగతావాటి పొర ఎండి అతుక్కుపోతుంది.

బాతు గుడ్లకి 28 రోజులు, సీమబాతుకి 35, గిన్నెకోడికి 26 నుంచి 28, కౌజుకి 17, 18. ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి అన్నిటికీ ఇంచుమించు ఇదే.

కరెంటు పోతే

పొదిగే పెట్ట కూడా రోజూ మేతకి లేచి పావుగంట, ఇరవై నిమిషాలు తిరిగొస్తుంది. గంట రెండు గంటల కోతకి గుడ్లు చావవు. మొదటి రెండు వారాల్లో అయితే మూత తీయకుండా, ఫ్యాను పక్క కన్నాలు మూసి, దుప్పటి కప్పండి. ఎక్కువసేపు అయితే చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్ళ సీసాలు గుడ్ల పక్కన పెట్టండి, మరిగిన నీళ్ళు వద్దు. 18వ రోజు దాటాక మాత్రం గాలి కన్నాలు మూయకండి, లోపలి పిల్లలకి ఊపిరి కావాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చాలా రోజులు కరెంటు లేదు. అంత కోతకి దుప్పట్లు పనిచేయవు. అక్టోబరు, నవంబరుల్లో గుడ్లు పెట్టేవాళ్ళు ఊళ్ళో పొదుగు మీదున్న పెట్ట ఎవరింట్లో ఉందో తెలుసుకుని ఉంచుకోండి. పది, పన్నెండు గుడ్లైనా దాని కింద పెట్టి కాపాడుకోవచ్చు.

వచ్చిన ఫలితాన్ని చదవడం

ఏడో రోజు రాత్రి గది చీకటి చేసి, గుడ్డు వెనుక టార్చి పెట్టండి. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే చుక్క కనిపిస్తే పిల్ల ఉంది. నరాలు లేకుండా ఒకటే ఎర్రటి వలయం ఉంటే పిల్ల మొదట్లోనే చచ్చిపోయింది. అలాంటివి చాలా ఉంటే మొదటి వారంలో వేడి ఎగుడుదిగుడు అయిందేమో నోట్‌బుక్కు చూడండి, గుడ్లు పాతవేమో కూడా ఆలోచించండి. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది ఖాళీ గుడ్డు, తప్పు పుంజుది, కంట్రోలర్‌ది కాదు.

19వ రోజుకే పిల్లలు వచ్చేస్తున్నాయి, చిన్నగా ఉన్నాయి, బొడ్డు మానలేదు: వేడి ఎక్కువైంది. 22, 23కి వస్తున్నాయి, పొట్ట ఉబ్బి మెత్తగా ఉంది, నిలబడలేకపోతున్నాయి: వేడి తక్కువైంది. ఒకే రోజు పెట్టిన గుడ్లలో కొన్ని 20కి, కొన్ని 23కి వస్తే పెట్టెలో ఒక మూలకీ ఇంకో మూలకీ తేడా ఉంది, ఫ్యాను చూడండి. పెంకు పొడిచి ఆగిపోయినవి ఎక్కువుంటే తేమ సంగతి చూడండి.

వేడిది తప్పని తేలితే తర్వాతి విడతకి 0.2 మాత్రమే మార్చండి. ఒకేసారి డిగ్రీ మార్చకండి. అదీ సెన్సార్‌ని మళ్ళీ ఫ్లాస్కులో చూశాకే.

పిల్లలు ఆరి, ఉబ్బి, తిరుగుతున్నాక తీయండి. ఒక రోజు మేత లేకపోయినా కడుపులో పచ్చసొన ఉంటుంది, తొందర లేదు. పెట్టె కడిగి ఎండబెట్టాక ఒక టేపు ముక్క మీద ఆ రోజు తేదీ, సవరణ అంకె, బల్బు వాట్లు రాసి మూత లోపలి వైపు అంటించండి. నా పెట్టె మూతకి ఇప్పుడు అలాంటివి పదకొండు ఉన్నాయి. మొదటి దాని మీద మైనస్ 0.5 ఉంది, కిందటి వారం అంటించిన దాని మీద మైనస్ 0.8. సెన్సార్ అదే.